చేత్తో గిటార్ చేయడం: తేమ లెక్క నుంచి తీగలు బిగించేదాకా

గిటార్ చేయాలనుకునేవాళ్లు ముందు కొనాల్సింది హైగ్రోమీటర్, అంటే గాల్లో తేమ కొలిచే మీటర్. రంపం, ఉలి, చిత్రిక తర్వాత కొనుక్కోవచ్చు, తెలిసిన వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకున్నా నడుస్తుంది. గాల్లో తేమ ఎంతుందో చూసుకోకుండా వేసిన అతుకు ఏదో ఒక సీజన్‌లో విచ్చుకుంటుంది, లేదా పలకని వంచేస్తుంది. యూరప్, అమెరికాల్లో పుట్టిన ఈ వాద్యం పద్ధతులన్నీ పొడి గాలిని ఊహించుకుని రాసినవి. వాటిని మన వానాకాలంలో ఉన్నదున్నట్టు పాటిస్తే పని చెడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి దశలోనూ తేమ గురించి మాట్లాడతాను.

ఇక్కడ చెప్పేది స్టీలు తీగల గిటార్ గురించి. సైజు ఓఎం (ఆర్కెస్ట్రా మోడల్ అనే మధ్యరకం సైజు), 14వ ఫ్రెట్ (వీణ మెట్టు లాంటి లోహపు పట్టీ) దగ్గర మెడ పెట్టెలో కలుస్తుంది, మెడ బోల్టులతో బిగుస్తుంది. డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు కంటే నడుము వంపు ఎక్కువైనా మొదటి గిటార్‌కి ఓఎం మంచిది. ఒళ్లో చక్కగా కూర్చుంటుంది, శబ్దం ఆరు తీగల మీదా సమంగా ఉంటుంది. వడ్రంగం కొంత తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. ఉలి పదును పెట్టడం రాకపోతే ముందు అది నేర్చుకోండి.

గది

గదిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 25 శాతానికి పడిపోతుంది, జులై, ఆగస్టుల్లో 80 దాటుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఏడాదిలో ఎక్కువ భాగం 70 పైనే. ఏసీ కొంత తేమ లాగుతుంది కానీ కంప్రెసర్ ఆగిన ప్రతిసారీ అంకె మళ్లీ పైకి పోతుంది. చిన్న గది, బిగుతైన తలుపు, ఒక డీహ్యూమిడిఫయర్ (తేమ లాగే యంత్రం) ఉంటే చాలు. ఎండాకాలం ఎయిర్ కూలర్ మాత్రం ఆ గదిలో పెట్టకండి, అది నీళ్లు చల్లే యంత్రమే.

చవక హైగ్రోమీటర్ల అంకెలు గుడ్డిగా నమ్మలేం. మూతలో కొంచెం ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా తడిపి, మీటర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటర్ 5 తక్కువ చెప్తోందని రాసి అంటించుకోండి.

ఇంత పట్టింపు ఎందుకో ఒక లెక్క చూడండి. ముందు పలక వెడల్పు సుమారు 380 మి.మీ. తేమ 40 శాతం నుంచి 80కి వెళ్తే, క్వార్టర్ కోత (వలయాల గీతలు ముఖానికి నిటారుగా వచ్చేలా కోసిన) స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు పలక అడ్డంగా 4 మి.మీ.కి పైనే ఉబ్బుతుంది. నిలువుగా మాత్రం దాదాపు కదలదు. ఆ పలకకి అడ్డంగా, లోపలి వైపు, బలం కోసం బద్దలు (సన్న కలప కడ్డీలు) అతికించి ఉంటాయి, అవి కదలవు. అంటే పలక ఉబ్బితే పైకి లేస్తుంది, ఆరితే పగులుతుంది. పొడి గదిలో అతికించిన పలక తేమలోకి వెళ్తే లేస్తుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. తేమలో అతికించిన పలక ఆరితే పగులు వస్తుంది, అది జీవితాంతం కనపడుతుంది. అందుకే అనుమానం ఉంటే పొడి వైపే ఉండండి.

కలప

ముందు పలకకి స్ప్రూస్. సిట్కా అయితే మొదటి గిటార్‌కి సరిపోతుంది, తప్పుల్ని కాస్త ఓర్చుకుంటుంది. ఇది దిగుమతి సరుకే. అమ్మేవాళ్లు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారో లేదో ముందే అడగండి, అది లేక కస్టమ్స్‌లో ఆగిపోయే పార్సిళ్లు ఉంటాయి.

వెనక పలకకీ పక్కలకీ మనకి దొరికేంత మంచి కలప ప్రపంచంలో చాలామందికి దొరకదు. వాళ్లు ఇండియన్ రోజ్‌వుడ్ అని అపురూపంగా కొనుక్కునేది మన జిట్రేగి చెట్టే. అడితికి వెళ్లి 'జిట్రేగి ఉందా' అంటే ముదురు ఊదా చేవ ఉన్న దుంగ చూపిస్తారు. బిల్లు, అటవీ శాఖ రవాణా పర్మిట్ లేకుండా ఒక్క ముక్క కూడా కొనకండి. తర్వాత గిటార్ విదేశానికి పంపాలంటే ఆ కాగితాలే అడుగుతారు. రోజ్‌వుడ్ ఖరీదనిపిస్తే దిరిసెన బాగుంటుంది. నీలగిరుల్లో నాటిన ఆస్ట్రేలియన్ బ్లాక్‌వుడ్ దొరికినా వదలకండి. పనస గురించి చాలామంది అడుగుతారు. బొబ్బిలి వీణకి పనసే ప్రాణం, కానీ అక్కడ దుంగని తొలుస్తారు. రెండు మి.మీ. పట్టీగా కోసి వంచడం వేరే సంగతి. వెనక పలక వరకు ప్రయత్నించవచ్చు, పక్కలకి కష్టం.

మెడకి మహాగని. ఫ్రెట్‌బోర్డుకి, బ్రిడ్జికి (ముందు పలక మీద తీగలు కట్టే చెక్క) మళ్లీ జిట్రేగి.

ఏ ముక్కైనా చివర చూడండి. వార్షిక వలయాల గీతలు పలక ముఖానికి నిటారుగా నిలబడి ఉండాలి. పడుకుని ఉన్నవి వద్దు. కొన్న పలకల్ని మధ్యలో పుల్లలు పెట్టి గదిలో పేర్చండి. రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసు మీద తూచి పెన్సిల్‌తో పలక మీదే రాయండి. బరువు తగ్గడం ఆగిపోయిన రోజున కలప మీ గదికి అలవాటు పడ్డట్టు. 'పదేళ్లు ఆరిన కలప' అని అమ్మేవాళ్ల మాట కంటే త్రాసు అంకె నయం.

నమూనా, అచ్చు

ఓఎం కొలతలు ఇవి: పెట్టె పొడవు 492 మి.మీ., కింది బొజ్జ 381, నడుము 235, పై బొజ్జ 286, లోతు కింద 105, మెడ దగ్గర 86 వరకు. సగం ఆకారాన్ని పలుచని ప్లైవుడ్ మీద గీసి కోసి, దాన్ని తిప్పి రెండో సగం గీయండి. రెండు వైపులూ ఒకేలా వస్తాయి. ఆ ఆకారం బయటి అచ్చుగా 18 మి.మీ. ప్లైవుడ్ పొరలు నాలుగైదు పేర్చి అతికించండి. దీని కోసం పెట్టిన శ్రమ తర్వాతి గిటార్లన్నిటికీ పనికొస్తుంది.

దీనితో పాటు రెండు పళ్లేలు కావాలి. ఎండీఎఫ్ బిళ్లలో గుల్లగా తొలిచినవి, ముందు పలకకి 30 అడుగుల వ్యాసార్ధం, వెనక పలకకి 15 అడుగులది. 30 అడుగులంటే పెద్ద అంకెలా ఉంటుంది కానీ 380 మి.మీ. వెడల్పులో ఆ గుబ్బ ఎత్తు 2 మి.మీ. మాత్రమే, వెనక వైపు 4. ఈ చిన్న గుబ్బ ఉంటే పలక ఆరినప్పుడు పగిలే ముందు చదునయ్యేందుకు కొంత వెసులుబాటు దొరుకుతుంది. చదునుగా కట్టిన పలకకి ఆ వెసులుబాటు ఉండదు.

పలకలు జతచేయడం, పలుచన చేయడం

పుస్తకంలా విప్పిన రెండు సగాల అంచుల్ని చిత్రిక పట్టి, రెండూ కలిపి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుగు ఎక్కడా కనపడకూడదు. కనపడితే మళ్లీ చిత్రిక. క్లాంప్ గట్టిగా బిగిస్తే మూసుకుపోతుందిలే అనుకుంటే ఆ అతుకే ముందు విడిపోతుంది.

జిగురు విషయం ఇక్కడే చెప్పేస్తాను. పసుపు రంగు వడ్రంగి జిగురు, లేదా వేడి చేసి వాడే చర్మపు జిగురు వాడండి. మామూలు తెల్ల జిగురు ఎండలో నిలిపిన కారు వేడికి మెత్తబడి, తీగల లాగుడుకి జారిపోతుంది. మన ఎండల్లో జిగురు నాలుగైదు నిమిషాల్లోనే తోలు కడుతుంది కాబట్టి ప్రతి అతుకూ ముందు జిగురు లేకుండా బిగించి చూసుకుని, తర్వాతే పూయండి.

రోసెట్ (పలక మధ్య శబ్ద రంధ్రం చుట్టూ ఉండే అలంకారపు వలయం) గాడి తీసి పొదగడం ఓపిక పని, అంతే. తర్వాత ముందు పలకని 2.8 మి.మీ., వెనక పలకని 2.5కి దించాలి. అంకెలు మొదలుపెట్టడానికే. పలక బిగువు మందానికి ఘనంతో మారుతుంది. 3.0 నుంచి 2.7కి దించితే బిగువులో పావు వంతుకి పైగా పోతుంది. కాబట్టి చివరి అర మి.మీ. దగ్గర నెమ్మదించండి. పలకని అడ్డంగా రెండు చేతులా పట్టి వంచుతూ ఉండండి. అట్టముక్కలా మొరాయిస్తున్నంతసేపు చిత్రిక పట్టండి, కాస్త లొంగి మళ్లీ నిటారైతే ఆపండి.

బద్దలు

గిటార్ శబ్దం ఎక్కువగా నిర్ణయమయ్యేది ఇక్కడే. తేలికపాటి సెట్ ఆరు తీగలు కలిసి 70 కిలోలకి పైగా లాగుతాయి. మూడు మి.మీ. కూడా లేని పలక ఆ లాగుడుని దశాబ్దాల పాటు మోయాలి, మరోవైపు ప్రతి మీటుకీ కదలాలి. 1840ల్లో అమెరికాలో మార్టిన్ కార్ఖానాలో వాడకంలోకి వచ్చిన ఎక్స్ ఆకారపు అమరిక ఇప్పటికీ చాలామంది దాటని పరిష్కారం.

బద్దల కోసం స్ప్రూస్‌ని రంపంతో కోయకండి, కత్తి పెట్టి సుత్తితో చీల్చండి. చీలిక కలప పోగుల వెంటే పోతుంది. అలా వచ్చిన ముఖాన్ని చదును చేసి, దానికి సమాంతరంగా బద్దలు తీస్తే పోగులు ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉంటాయి. పోగు మధ్యలో తెగిన బద్ద చూడ్డానికి ఎంత బాగున్నా బలహీనమే.

ఎక్స్ బద్దలు రెండూ 8 మి.మీ. వెడల్పు, కలిసే చోట 16 మి.మీ. ఎత్తు, మధ్య కోణం 98 డిగ్రీల దగ్గర. కలిసే చోట ఒకదానిలో ఒకటి గాడి తీసి కూర్చోవాలి. ఆ గాడి వదులైతే గిటార్‌కి నడుం లేనట్టే. ఎక్స్ కింద బ్రిడ్జి ప్లేటు, రెండున్నర మి.మీ. జిట్రేగి. కింద రెండు వాలు బద్దలు, పక్కలకి వేళ్లలాంటి నాలుగు చిన్న బద్దలు, శబ్ద రంధ్రం పైన ఒక లావు అడ్డ బద్ద.

అతికించేటప్పుడు బద్దల అడుగుభాగాన్ని గరుకు కాగితం అంటించిన పళ్లెం మీదే రుద్ది వంపు తేవాలి. పలకని పళ్లెంలో పడుకోబెట్టి, జిగురు పూసిన బద్దలు పెట్టి, పైన ఒక చెక్క అర కట్టుకుని, అరకీ బద్దకీ మధ్య వెదురు పుల్లలు విల్లులా వంచి నిలబెట్టండి. విదేశీ లూథియర్లు (గిటార్లు చేసేవాళ్లు) దీనికి ఫైబర్‌గ్లాస్ కడ్డీలు కొంటారు, మన వెదురు అంతే పనిచేస్తుంది. ఈ ఒక్కరోజు గదిలో తేమ 45 దాటకూడదు. దాటితే పని వాయిదా వేయండి, బయట వాన పడుతుంటే మరీను.

ఆరాక చెక్కడం. బద్ద బిగువు కూడా ఎత్తుకి ఘనంతోనే మారుతుంది. 16 నుంచి 14కి దించితే మూడో వంతు పోయింది. వెడల్పు తగ్గిస్తే మాత్రం తగ్గించినంతే పోతుంది. అందుకే బద్దని కత్తిలా నిలువుగా సన్నం చేస్తారు, బరువు తగ్గుతుంది, బిగువు పెద్దగా పోదు. చెక్కుతూ మధ్యమధ్యలో పలకని అంచుకి కాస్త లోపల రెండు వేళ్లతో వేలాడదీసి, బ్రిడ్జి వచ్చే చోట వేలి గణుపుతో తట్టండి. మొదట డబ్ డబ్ అని పొడిగా వినిపిస్తుంది. చెక్కేకొద్దీ స్వరం దిగుతూ, మోత కాస్త ఎక్కువసేపు నిలుస్తూ వస్తుంది. ఎక్కడ ఆపాలో చెప్పే అంకె లేదు. మొదటి గిటార్‌కి కాస్త ముందే ఆపండి. బరువుగా కట్టిన గిటార్ సాదాగా మోగుతుంది, మరీ తేలికగా కట్టింది బ్రిడ్జి దగ్గర బొజ్జ కడుతుంది.

పక్కలు వంచడం

పక్క పట్టీలు 2 మి.మీ. నుంచి 2.1. వంచడానికి లావు ఇనప లేదా రాగి గొట్టం, లోపల హీట్ గన్. జీఐ పైపు వద్దు, మంటకి దాని జింక్ పూత పొగలొస్తుంది. గొట్టం మీద నీటి చుక్క వేస్తే చిటపటలాడుతూ గెంతాలి. పట్టీని తడిగుడ్డతో తుడిచి, నడుము వంపుతో మొదలుపెట్టండి. బలం వాడకండి, గొట్టానికి ఆనించి మెల్లగా ఊపుతూ ఉంటే ఒక క్షణంలో కలప చేతికింద మెత్తబడటం తెలుస్తుంది. వంపు ఆ క్షణంలోనే ఇవ్వాలి. నీళ్లు మరీ పోస్తే జిట్రేగి ముఖం అలలు తేలుతుంది, అవి తర్వాత గీకినా పోవు. నమూనాకి వంద శాతం కలవకపోయినా ఫర్వాలేదు, అచ్చులో బిగించి రెండు రోజులు వదిలేస్తే సర్దుకుంటుంది.

ఇక మెడ దిమ్మె, తోక దిమ్మె అతికించడం, లోపలి అంచున గాట్లు పెట్టిన లైనింగ్ పట్టీ వేయడం. దీనికి బట్టల క్లిప్పులు రెండు మూడు డజన్లు కావాలి. తర్వాత మొత్తం చట్రాన్ని పళ్లెం మీద బోర్లించి రుద్దితే అంచులు గుబ్బకి సరిపోయేలా వస్తాయి.

జిట్రేగి దుమ్ము చాలామందికి పడదు, దురద, ఆయాసం తెస్తుంది. కోతకీ రుద్దడానికీ మంచి మాస్కు తప్పనిసరి.

పెట్టె మూయడం

మొదట వెనక పలక అతికించండి, ముందు పలక ఆ తర్వాత. బద్దల చివరలు లైనింగ్‌లో గాడి తీసి దిగాలి. మూసే రోజు కూడా తేమ 45 శాతమే. మూసే ముందు లోపల చేయి పెట్టి జిగురు కారిన చోట్లు తుడవండి, లోపల మీ పేరు, తేదీ, ఆ రోజు గది తేమ రాయండి. పదేళ్ల తర్వాత రిపేరుకి వస్తే ఆ మూడో అంకె పనికొస్తుంది. అంచులకి బైండింగ్ (అంచుని కాపాడే సన్న పట్టీ) వేయడానికి రౌటర్‌తో గాడి తీస్తారు. అతికించాక పాత సైకిల్ ట్యూబుని పట్టీలుగా కోసి చుట్టేయండి, ఏ క్లాంపూ అంత సమంగా నొక్కదు.

మెడ, ఫ్రెట్లు

వీణ చేసేవాళ్లు మెట్లని మైనంలో నిలబెట్టి, చెవితో విని జరుపుతారు. మైనం పాతబడితే మళ్లీ మేళం కడతారు. గిటార్‌లో ఆ సౌకర్యం లేదు, ఫ్రెట్ ఒకసారి కొడితే అక్కడే. కాబట్టి లెక్క ముందే తేలాలి. తీగ పొడవు 645 మి.మీ. అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.2, నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి మొదటి ఫ్రెట్ దూరం అది. మిగిలిన 608.8ని మళ్లీ అదే అంకెతో భాగిస్తే 34.17, రెండోది అక్కడ నుంచి అంత దూరం. ఇలా పోతే 12వ ఫ్రెట్ సరిగ్గా 322.5 దగ్గర రావాలి, 14వది 357.7 దగ్గర. రాకపోతే ఎక్కడో తప్పారు. గుర్తు పెట్టేటప్పుడు మాత్రం ఒక ఫ్రెట్ నుంచి ఇంకోదానికి కొలవకండి, అన్నీ నట్ నుంచే కొలవండి. లేదంటే చిన్న చిన్న తేడాలు పేరుకుపోతాయి.

మెడ చెక్కలో ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) గాడి, తల వైపు 14 డిగ్రీల వాలు. తలని విడి ముక్కగా ఏటవాలు అతుకు వేస్తే కలప ఆదా, పోగు కూడా తెగదు. వెనక గుండ్రం తీయడం ఆకురాయితో హాయిగా సాగే పని.

కంగారు పడకుండా చేయాల్సింది మెడ కోణం. మెడని బోల్టులతో తాత్కాలికంగా బిగించి, ఫ్రెట్ల మీద నిటారు స్కేలు పెట్టి ముందుకి చాపండి. దాని కొన బ్రిడ్జి పై అంచుకి, అంటే పలక నుంచి 9 మి.మీ. ఎత్తుకి, తగిలీ తగలకుండా ఉండాలి. కోణంలో డిగ్రీలో పదో వంతు మారితే బ్రిడ్జి దగ్గర అర మి.మీ. మారుతుంది. దాని కోసం మెడ మడమ (మెడ పెట్టెకి ఆనే లావు భాగం) చివర తీయాల్సింది రెండు కాగితాల మందం కంటే తక్కువ. మడమకీ పక్కలకీ మధ్య గరుకు కాగితం పట్టీ పెట్టి లాగుతూ సర్దండి, ప్రతిసారీ స్కేలు వేయండి. ఇదీ 45 శాతం తేమలోనే చూడాలి. వానాకాలం తేమలో పలక గుబ్బ లేచి ఉండగా కోణం కుదిర్చితే ఎండాకాలానికి తీగలు ఫ్రెట్లని తాకి గరగరమంటాయి.

పాలిష్

నైట్రో లక్కర్ పిచికారీ చేయాలంటే గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి, అది మంటకి అంటుకునే సరుకు. ఇంట్లో చేసేవాళ్లకి స్పిరిట్‌లో కరిగించిన లక్కే మేలు. మన దేశపు సరుకు, గుడ్డ ఉండతో రుద్దుతూ పలుచని పొరలుగా ఎక్కుతుంది, గీత పడితే అక్కడికక్కడ సరిచేయొచ్చు. చెమట చేతులకి కాస్త మెత్తబడుతుందన్నది నిజమే. ఏది వాడినా తేమ రోజుల్లో వేస్తే పొర తెల్లగా పొగ కమ్మినట్టు అవుతుంది. బ్రిడ్జి కూర్చునే చోట పాలిష్ పడకుండా టేపు వేయండి.

బ్రిడ్జి, తీగలు

బ్రిడ్జి అడుగుని పలక గుబ్బకి సరిపోయేలా గీకి, చెక్క మీద చెక్క ఆనేలా అతికించి, రంధ్రంలోంచి క్లాంపులు వేసి పూర్తి రోజు వదలండి. సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) నట్ నుంచి సరిగ్గా 645 దగ్గర ఉండకూడదు. తీగని ఫ్రెట్‌కి నొక్కినప్పుడు అది సాగి శ్రుతి పెరుగుతుంది. ఆ తేడాకి అన్నిటికంటే సన్న తీగ దగ్గర సుమారు 2, అన్నిటికంటే లావు తీగ దగ్గర 4 నుంచి 5 మి.మీ. వెనక్కి జరపాలి. సాడిల్ ఏటవాలుగా ఉండేది అందుకే.

నట్, సాడిల్ ఎముకవి. మొదటిసారి తీగలు బిగించాక వారం రోజులు శ్రుతిలో ఉంచి, అప్పుడు సెటప్ (తీగల ఎత్తు, మెడ వంపు సర్దడం) చేయండి. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.4, సన్న తీగ కింద 1.8 మి.మీ. ఉంటే చేతికి హాయి. మెడకి 0.1 నుంచి 0.2 మి.మీ. లోవంపు చాలు. కొత్త గిటార్ మొదటి నెలలో కదులుతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

అమ్మకం

మొదటి రెండు మూడు గిటార్లకి ఆర్డర్లు తీసుకోకండి. స్నేహితులకి వాయించడానికిచ్చి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక తిరిగి తెప్పించుకుని చూడండి. ధర వేసేటప్పుడు కలప ఖర్చు మీద కాకుండా గంటల మీద లెక్క వేయండి, లేకపోతే వడ్రంగి రోజు కూలీ కూడా రాదు. అడ్వాన్స్ లేకుండా కలప కోయకండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు అడిగితే రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, చలికాలంలో అక్కడి ఇళ్లలో హీటర్ వేస్తే తేమ 20 శాతానికి పడిపోతుంది. కాబట్టి కేసులో తేమ సంచులు, చిన్న హైగ్రోమీటర్ పెట్టి, ఎలా వాడాలో తెలుగులో ఒక పేజీ రాసి పంపండి. తీగలు ఒకట్రెండు స్వరాలు దించి ప్యాక్ చేయండి. రెండు, కాగితాలు. మన జిట్రేగితో సహా రోజ్‌వుడ్ జాతి (మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప) 2017 జనవరి నుంచి సైటిస్, అంటే అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, రెండో అనుబంధంలో ఉంది. 2019 నవంబర్ నుంచి పూర్తయిన సంగీత వాద్యాలకి మినహాయింపు వచ్చింది గానీ కలప చట్టబద్ధంగా కొన్నదేనని మీరు చూపగలగాలి. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి ఇచ్చే వృక్ష్ సర్టిఫికెట్ అందుకోసమే. అమెరికా వైపు, అక్రమ కలప రాకుండా చూసే లేసీ చట్టం కింద కలప శాస్త్రీయ నామం, ఏ దేశంలో కొట్టిందీ చెప్పాల్సి రావచ్చు. అడితి బిల్లు, పర్మిట్ నకళ్లు గిటార్ నంబరు వారీగా ఫైల్లో పెట్టుకోండి, ఎగుమతి కాగితాలు చేతికి వచ్చాకే కొనేవాళ్లకి డెలివరీ తేదీ చెప్పండి.